ఆదికి పంపిన కోటు

శ్రీవారికి నమస్కారాలు.

ఇక్కడ నేను, అమ్మాయి, కుట్టుమిషను ముగ్గురం క్షేమం. మీరు క్షేమమేనని మీ ఉత్తరంలోని హుషారు చూస్తేనే తెలిసింది.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. అమ్మాయికి దగ్గు తగ్గింది. వంటగది కిటికీ రెక్క మళ్ళీ ఊడితే నేనే బిగించాను. స్కూలు యూనిఫారాలన్నీ కుట్టి ఇచ్చేశాను. మీరు పంపిన ఉన్ని గుడ్డా, కొలతలు చూసుకోమని ఆదికి పంపిన పాత కోటూ చేరాయి.

ఇక ఆ కోటు సంగతి. ఫోర్‌మన్ పరీక్షలో ఇంగ్లీషు పాసైతేనే కంపెనీవాళ్ళు క్వార్టర్సు ఇస్తారని, అప్పుడే మమ్మల్ని పిలిపించుకుంటానని పోయినేడాది నుంచి రాస్తున్నారు. సంతోషం. కానీ స్టోర్సులో క్లర్కు మేడమ్ భోజనాల వేళ మీకు నౌన్లు నేర్పుతోందని, సరిగ్గా చెబితే భుజం తట్టి మెచ్చుకుంటుందని, ఫీజు వద్దంది కాబట్టి బదులుగా నేనో కోటు కుట్టిపెట్టాలని రాశారే, అది చదివాక నాకు ముద్ద దిగలేదు. పరాయి ఆడదాని కోటు పెళ్ళానికి పంపి 'దీని కొలతకే కుట్టు' అని ఎవరైనా అంటారండీ?

మీకు తెలిసింది నాకు తెలియకపోతే ఎలాగని అమ్మాయి దగ్గర పాఠానికి కూర్చున్నాను.

"ఇనుము, ఉన్ని మెటీరియల్ నౌన్లమ్మా. జట్టు, మంద కలెక్టివ్. ఒక్కళ్ళకే పెట్టుకున్న పేరు ప్రాపర్. ఆ రకం వాళ్ళందరికీ చెల్లేది కామన్."

"మరి భార్యో?"

"కామన్ నౌనే. ఊళ్ళో ఎంతమంది లేరు!"

పుండు మీద కారం చల్లినట్టయింది. మీ ఉత్తరం మళ్ళీ తీసి చూశాను. ఆవిడ పేరు పేరాకొకసారి ఉంది. నా పేరు కవరు మీద తప్ప ఎక్కడా లేదు.

"అసూయ ఏ నౌనే?" అన్నాను.

"అబ్‌స్ట్రాక్ట్. కంటికి కనబడదు, చేతికి అందదు."

"కనబడకపోవడమేంటి? నా మొహం చూసి చెప్పు."

అది చూసి పకపకా నవ్వింది.

ఇప్పటిదాకా చెప్పకుండా దాచింది ఇప్పుడు చెబుతున్నాను. ముందు కోటు చేతులు కుట్టాను. కావాలనే ఇరుకు చేశాను. మీ భుజం తట్టడానికి చెయ్యెత్తితే పట్టెయ్యాలని! ఆ తర్వాత వీపు కత్తిరిద్దామని పాత కోటును బల్ల మీద పరిచాను. ముందు భాగం కన్నా వీపు పొడుగ్గా ఉంది. మెడ కింద గూనికి సరిపడా వదులు పెట్టి కుట్టారు. గుండీలు తీసేసి పెద్దవి వేశారు, వేళ్ళు సరిగ్గా వంగనివాళ్ళు వేయించుకునే రకం. ఆవిడకు అత్తయ్యగారి వయసుంటుందని అప్పుడు అర్థమైంది. ఆ ఒక్క ముక్క ఉత్తరంలో రాస్తే మీ సొమ్మేం పోయేది?

సిగ్గేసి చేతులు విప్పి మళ్ళీ వదులుగా కుట్టాను. పెద్దావిడని తెలిశాక నా కుళ్ళు పోవాలి కదా. పోలేదండీ. మధ్యాహ్నం మీరు ఎవరి ఎదురుగా కూర్చుని తింటున్నారో, ఎవరి మాటకు నవ్వుతున్నారో, ఆ మనిషి నేను కాదు. అక్కడ ముసలమ్మ ఉన్నా, కంపెనీలో మీరు నడిపే లేతు మిషనున్నా నాకు కుళ్ళే.

అందుకని కోటు పార్శిలు చెయ్యడం లేదు. ఒంటి మీద వేసి చూడకుండా బట్టలు ఇచ్చే అలవాటు నాకు లేదని మీకు తెలుసు. శనివారం రైలుకి నేనే తెస్తున్నాను. అమ్మాయికి బడి సెలవులే, అదీ వస్తుంది. మిషను కూడా వస్తుంది. క్వార్టర్సు దొరికేదాకా మీ గదిలోనే సర్దుకుంటాం. ఇరుకైతే ఇరుకు, విప్పి కుట్టుకోవడం నాకు కొత్తేం కాదు.

స్టేషనుకి రండి. కానీ ఒక్క మాట. ఆ జనంలో మీ అలవాటు కొద్దీ "ఏమోయ్" అని కేకేస్తే నేను వెనక్కి తిరగను. పెళ్ళయ్యాక ఒక్కసారైనా నన్ను పేరు పెట్టి పిలవలేదు మీరు. ఆ రోజు గట్టిగా పిలవండి. పక్కన మేడమ్ గారు ఉంటే మరీ మంచిది.

ఇట్లు,
అప్పటిదాకా కామన్ నౌనుగానే ఉండే
మీ భార్య