అన్‌లిమిటెడ్ అని చెప్పింది నేనే

గురువారం, తిరుచానూరు

ఈరోజు మధ్యాహ్నం పూలమ్మే మునెమ్మ తన కూతురు రేవతిని వెంటబెట్టుకుని నా రీచార్జి అంగడికి వచ్చింది. చెన్నై ఆసుపత్రిలో నర్సు ఉద్యోగానికి రేవతికి వీడియోలో ఇంటర్వ్యూ జరుగుతుండగా బొమ్మ నిలిచిపోయిందట. లైను మళ్లీ కలిసేలోపు వాళ్లు ఇంకొకరిని పిలిచేశారు.

"అన్‌లిమిటెడ్ అంటివి కదప్పా! పొద్దన్నుంచి బిడ్డ ఫోన్‌లో పాఠాలు సూసుకుంటా ఉండింది. నెట్ అయిపోతాదని తెలిసుంటే సూసుండునా?" అని మునెమ్మ అడిగింది.

రోజువారీ పరిమితి దాటితే వేగం తగ్గుతుందని ప్లాను వివరాల అడుగున చీమతలంత అక్షరాల్లో ఉంటుంది. అది నాకు తెలియక కాదు. చెబితే సవాలక్ష ప్రశ్నలు అడుగుతారని చెప్పడం మానేశాను.

"తప్పు నాదే అక్కా" అన్నాను.

"నువ్వేం జేస్తావులేన్నా, కంపెనీ వాళ్లు అట్ల పెట్టినారు" అంది రేవతి. ఆ పిల్ల నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

జరిగింది వివరిస్తూ నేనూ రేవతీ కలిసి ఆసుపత్రికి మెయిల్ పంపాం. అంగడి కట్టేసేదాకా జవాబు రాలేదు. వస్తుందో రాదో.

సాయంత్రం లాడ్జిలో వంటచేసే ఆయన అదే ప్లాను అడిగాడు. "రోజుకింతే వస్తాది, ఆపైన నెట్ నత్త మాదిరి నడుస్తాది" అని ఉన్నమాట చెప్పాను.

"అయితే నీ కాడ అన్‌లిమిటెడ్ లేదా అప్పా?" అంటూ ఆయన పక్క అంగడికి వెళ్లిపోయాడు. అక్కడి గోడమీద పోస్టరులో ఆ మాట పెద్దక్షరాల్లో ఉంది.

నా గోడమీదా ఉంది. ఇంకా చింపలేదు.