గుమ్మడిపువ్వుకు నేనే తేనెటీగ

1953 అక్టోబరు 4, ఆదివారం

నాంపల్లి మ్యూజియంలో మా విమల ఉద్యోగం చూసివచ్చాను. గాజుపెట్టెలో తేనెటీగలు, సీతాకోకచిలుకలు. పక్కన బెత్తం పట్టుకుని నా బిడ్డ. "ఇవి మగపువ్వు పుప్పొడి తెచ్చి ఆడపువ్వుకు అంటిస్తేనే గుమ్మడి కాస్తది" అంటే జనం నోరు తెరిచి విన్నారు. "నా బిడ్డనే" అని ఒక్కొక్కరికీ చెప్పాను. కొందరికి రెండుసార్లు.

ఆబిడ్స్‌లో మా డాబా మీది తీగ ఎందుకు కాయదో ఇప్పుడు తెలిసింది. తేనెటీగలు రావు! దసరా కాగానే పిందె తెచ్చి చూపిస్తానని విమల పెద్దసారుకు మాటిచ్చాను. గాజుపెట్టె పక్కనే పెట్టిస్తాడట.

నియమం: ఈగ పని ఇక నాది. పిందె నిలిచేదాకా ఒక్క పువ్వూ తెంపనివ్వను. గబ్బిలం కూడా ఈ పని చేస్తుందట. నేను చేయలేనా?

5, సోమవారం

తెల్లవారకముందే డాబా మీద. చేతిలో కోడి ఈక. అన్నీ మగపువ్వులే. అయినా అన్నిటినీ నిమిరాను, చెయ్యి అలవాటు కావాలి కదా.

"పువ్వులు నిమురు, సరే. గా ఝుమ్మనుడు ఎందుకయ్యా?" అంది నా భార్య కొండమ్మ.

"ఊకె చేస్తే పువ్వు నమ్ముతదా?"

8, గురువారం, పెత్రమాస

బతుకమ్మ మొదలు. పొరుగింటి యాదవ్వ గుమ్మడిపూలకని గంప పట్టుకుని వచ్చింది. ఇవ్వనన్నాను.

"బిడ్డకు కొలువైంది. గింత పువ్వుకు ముడుచుకుంటవేందన్నా?"

బిడ్డ పేరెత్తితే నేనేం చేయను? ఇచ్చాను. మగపువ్వులే కదా.

11, ఆదివారం

వాడంతా వచ్చి విమల కొలువు సంగతి అడుగుతున్నారు. గంపలతో. మగపువ్వులు తెంపితే తీగకు బలమట. ఎవరూ చెప్పలేదు, నాకే తోచింది.

15, గురువారం

ఆడమొగ్గ! కింద గోళీ అంత పిందె. రేపు విచ్చుతుంది. దానికోసం ఒక మగమొగ్గను ఆకుల కింద దాచాను. పెద్దసారుకు కబురు పంపాను.

16, శుక్రవారం, సద్దుల బతుకమ్మ

రెండూ విచ్చాయి. ఈక తీశాను. కింద విమల చివరిరోజు బతుకమ్మను పూలతో పేరుస్తోంది, నడుమెత్తు. పైన గౌరమ్మగా పెట్టేది గుమ్మడి ఆడపువ్వు నడిమి బొడిపెనే. వాడలో ఇంకెక్కడా లేదు.

"పసుపు గౌరమ్మను చేస్త. నీ పిందె ఉండనీ బాపూ" అంది విమల.

అంత మంచి మాట అన్న బిడ్డకు పసుపుముద్దా? తెంపేశాను.

సాయంత్రం ఆట మధ్యలో గుర్తొచ్చింది, పుప్పొడి అంటించనేలేదు! దాచిన మగపువ్వు, ఈక పట్టుకుని ఆడవాళ్ల నడుమ దూరి, గౌరమ్మ మీద ఝుమ్మన్నాను. పాట ఆగిపోయింది.

"అన్నకు ఏమైంది?" అంది యాదవ్వ.

విమల నా చేతిలోంచి ఈక తీసుకుంది. తర్వాత నవ్వి, మ్యూజియంలో చెప్పినట్టే అంతా చెప్పింది. వాడంతా నోరు తెరిచి విన్నది. "నా బిడ్డనే" అని ఒక్కొక్కరికీ చెప్పాను. పుట్టినప్పటినుంచి చూస్తున్నవాళ్లే.

17, శనివారం

పిందె ఏదని పెద్దసారు అడిగాడట. మళ్లీ మొదలు. ఈసారి బీర పెడతాను, ఒక్క పువ్వూ తెంపనివ్వను.

"బీరపూలు గూడ బతుకమ్మల పెడ్తరు" అంది కొండమ్మ.

పెట్టనీ. ఏడాది ఉంది. గింజలు నానేశాను. ఈక కడిగి చెవిలో దోపుకున్నాను.