కాడజెముడు కంచె

అమ్మా కోడలా,

మామయ్య ఆశీస్సులు. ఇక్కడ మనుషులమంతా క్షేమం. "అందరం" అని రాయబోయి చెయ్యి ఆగింది. చేపల్ని కూడా ఇంట్లోవాళ్ల కింద లెక్కేసే అలవాటు నువ్వే చేశావు మరి.

నీ ఉత్తరం అందింది. ముందు నీ ప్రశ్నలకు జవాబులు. మీ అత్తయ్య దగ్గు తగ్గింది. మీ ఆయన పిల్లచేపల లారీ వెంట వెళ్లాడు, వారం దాకా రాడు. శిక్షణలో చేపను కోసి చూపించిన రోజు నీకు కళ్లు తిరిగాయని రాశావు. అది మీ అత్తయ్యకు చదివి వినిపిస్తే, "బొద్దింకను చూసి మంచమెక్కే పిల్ల, చేపల డాక్టరవుతుందట!" అని తెగ మురిసిపోయింది.

చేపలు మేత తింటున్నాయా, మొప్పలు ఏ రంగులో ఉన్నాయి అని కూడా అడిగావు. తినడం లేదమ్మా. రాయడానికే భయంగా ఉంది. మొన్న పొద్దున్నే చెరువు దగ్గరికి వెళ్లేసరికి అన్నీ పైకొచ్చి, నోళ్లు తెరిచి గుటకలు వేస్తున్నాయి. గాలి చాలడం లేదేమోనని ఏరేటర్ వేశాను. లాభం లేకపోయింది. కొన్ని పక్కకు ఒరిగి, ఉన్నచోటే గిరగిరా తిరుగుతున్నాయి. నువ్వు మహారాణి అని పిలిచే పెద్ద చేపను వలతో తీస్తే ఒళ్లంతా జిగురు. మొప్ప ఎత్తి చూశాను. ఎర్రగా ఉండాల్సింది ఉడికిన మాంసంలా పాలిపోయి ఉంది.

కారణం నిన్న మధ్యాహ్నానికి గాని తెలియలేదు. గట్టు మీది కాడజెముడు కంచె దారికి అడ్డం వస్తోందని అటుమొన్న మీ అత్తయ్య కత్తిరించి, కొమ్మల్ని చెరువు వాలులోకి తోసేసిందట. ఆ రాత్రే పెద్ద వాన. కొమ్మల్లోని పాలన్నీ నీళ్లలోకి దిగాయి. ఆ మూలనే పిల్లచేపలు గుట్టగా చచ్చి పడి ఉన్నాయి.

"చెట్టు పాలేగా! నేనేమైనా పురుగుల మందు పోశానా?" అంది మీ అత్తయ్య.

"చెట్టుదైతే విషం కాకుండా పోతుందా?" అని గదిమాను. అప్పటి నుంచి ఆవిడ ముద్ద ముట్టలేదు. తెలియక చేసిన పనికి అంత గట్టిగా అనకూడదని నాకూ తెలుసు. భయంలో నోరు ఊరుకోలేదు.

కొమ్మలన్నీ ఏరించి దూరంగా పారేయించాను. కానీ అసలు మాట ఇంకా చెప్పలేదు నీకు. కారణం తెలియక ముందు, పాత నీళ్లు పోతే చేపలు తేరుకుంటాయని తూము తలుపు ఎత్తాను. మన తూము నీళ్లు ఎక్కడికి పోతాయో నీకు నేను చెప్పాలా? కింద మీ నాన్న చెరువులోకే కదా. మొన్న పొద్దుటి నుంచి నిన్న విషయం తెలిసేదాకా పారుతూనే ఉన్నాయి. తెలిసిన మరుక్షణం మూసేశాను గాని, పోయేది పోయింది.

ఈ పొద్దున మీ నాన్న వచ్చారు. నన్ను ఆటపట్టించకుండా కుర్చీలో కూర్చోని మనిషి, గుమ్మంలోనే నిలబడిపోయారు.

"బావగారూ, మావి కూడా పైకొచ్చేస్తున్నాయండీ. మీ నీళ్లెందుకు ఆపేశారు? కొత్త నీళ్లు పడితే తేరుకుంటాయి. కాస్త తలుపెత్తి పుణ్యం కట్టుకోండి."

"చూద్దాం లెండి" అన్నాను. అంతే అన్నానమ్మా. ఆయన తలూపి వెళ్లిపోయారు. మీ అమ్మానాన్నలకు ఆ చెరువు తప్ప వేరే ఆధారం లేదు. అది నా చేతుల మీదుగా పాడైందంటే రేపు నీకు మొహం ఎలా చూపించను?

ఈ పాల విషానికి విరుగుడు ఉందేమో మీ సారుని అడుగు. ఎండకు విరుగుతుందా, మంచి నీళ్లు కలిపితే పలచబడుతుందా? ఒళ్లంతా జిగురు పట్టిన చేప మళ్లీ కోలుకుంటుందా? తిరుగు టపాలో రాయి.

ఇంకా రాయాలని ఉంది గాని, కిటికీలోంచి మీ నాన్న కనిపిస్తున్నారు. గట్టు మీద వస్తున్నారు, భుజాన గడ్డపార ఉంది. ఇంటి వైపు చూడను కూడా చూడలేదు, తిన్నగా తూము దగ్గరికే నడుస్తున్నారు. నేను వెళ్లి ఆ తలుపు మీద చెయ్యి వెయ్యాలి. ఎందుకు ఎత్తకూడదో ఆయన కళ్లలోకి చూసి చెప్పాలి. వెళ్తున్నాను.

ఇట్లు,
నీ కోపానికి సిద్ధపడ్డ
మామయ్య