తాతయ్య తెచ్చిన పచ్చ

శుక్రవారం, రాజమహేంద్రవరం

ఈరోజు అబద్ధమాడాను. మన్యం కొండల్లోని చిన్న గనిలో తాతయ్య మేస్త్రీగా పనిచేసేవారు. అది మూతపడ్డ రోజు ఆయన తెచ్చిన ఆకుపచ్చ రాయిని నానమ్మ ఇన్నేళ్లూ పచ్చ అనుకుని, గంధం రాసి దేవుడి దగ్గర పెట్టుకుంది. సాయంత్రం దాన్ని నా చేతికిచ్చింది.

"రాళ్ల చదువే కదమ్మా నీది. చూసి చెప్పు, ఎలాంటి పచ్చో."

"నీ మనవరాలు నోరు విప్పాలంటే ముహూర్తం పెట్టించాలమ్మా," అన్నారు నాన్నగారు.

"మంచి పచ్చే నానమ్మా," అనేశాను.

నానమ్మ కళ్లు తుడుచుకుంది. "చూశావురా? ఆ చీకట్లో ఆయన పడ్డ కష్టం ఊరికే పోలేదు. రేపు కంసాలి ఆచారి గారిని రమ్మను. ఈ పచ్చ పొదిగి పిల్లకి ఉంగరం చేయిద్దాం."

అది పచ్చ కాదు, ఫ్లోరైట్. రాతి పగుళ్లలోకి ఎగదన్నిన వేడినీళ్లు చల్లారుతూ వదిలిన ఖనిజం. ఆ గనిలో దాని చార లోపలికి పోయేకొద్దీ సన్నబడిపోయింది. ఊటనీరు నిండింది. మూసేశారు.

నేనే పొరబడ్డానేమోనన్న ఆశతో, గదిలోకి వచ్చాక బ్లేడు మొనతో అంచున గీశాను. గీత పడింది. పచ్చ మీద పడదు. ఆచారి గారి ఆకురాయి ఒక్కసారి తగిలితే తెలిసిపోతుంది. టార్చి వేస్తే రాయి లోపల సన్నటి నీటిచుక్క కనబడింది. రాయి పుట్టినప్పుడే అందులో చిక్కుకుపోయింది.

చెప్పేద్దామని ఇందాక నానమ్మ దగ్గరికి వెళ్లాను. మేలుకునే ఉంది.

"ఏ వేలికి పెట్టుకుంటావే?" అంది.

వేలు చూపించి వచ్చేశాను.