లెక్కలో పురుగు

జూన్ 3, ఉదయం

నా కూతురు డాక్టర్ కాబోతోంది! మందులిచ్చే డాక్టర్ కాదు, చదువు డాక్టర్. నలభై ఏళ్లు చొక్కాలు కుట్టిన చేత్తో ఈ ముక్క రాస్తున్నాను. పురుగు మీద థీసిస్ అని సెలూన్ అతనికి చెప్పాను. అయితే మా మంచంలో నల్లులకు మందేదైనా చెబుతుందా బాబాయ్ అని అడిగాడు. కుళ్లుబోతు!

జూన్ 5

అసలు పురుగే లేదట. కంప్యూటర్‌లో లెక్క. పురుగు నరాలన్నిటినీ అంకెలు చేసి పెట్టింది. బటన్ నొక్కితే ముందు వెలుగు, ఆ వెంటనే సెగ. తెర మీద గీత, అదే పురుగట, చటుక్కున ముడుచుకుంటుంది. లక్షసార్లు చేసి రాసిస్తే పట్టా. ఎంత తెలివి నా తల్లిది!

జూన్ 9

కొంప మునిగింది. పదివేలకే ఆపేసింది. ఇక సెగ పెట్టను నాన్నా, దానికి నొప్పి పుడుతోందేమో అంది. లెక్కకు నొప్పేమిటే, పలక మీద కూడికకు ఎప్పుడైనా కడుపునొప్పి వచ్చిందా అన్నాను. నవ్వలేదు. మన నొప్పి మాత్రం నరాలు వేసే లెక్క కాదా, మనది తడి లెక్క, దానిది పొడి లెక్క, అంతేగా అంది. తడీ పొడీ! నొప్పి ఉందని తెలుసా అంటే తెలీదు. లేదని తెలుసా అన్నా తెలీదు. తెలీకుండా లక్షసార్లు ఎలా చేస్తానంటుంది. ఇన్నేళ్లు చదివించింది ఇందుకా!

జూన్ 10

ప్రొఫెసర్ నాకే ఫోన్ చేశాడు. ఇరవైలోగా ఇవ్వకపోతే ఈ ఏడు పట్టా లేదట, మీరైనా చెప్పండి పెద్దాయనా అన్నాడు. పట్టా రోజుకని చొక్కా కూడా కత్తిరించుకున్నానే!

జూన్ 12, మధ్యాహ్నం

పోట్లాట. నీకు నాన్న లెక్కలేదు, పురుగే లెక్క అని అరిచాను. అదే నాన్నా నా ప్రశ్న, అది ఉత్త లెక్కా, లెక్కలోకి వచ్చేదా అంది. మాటకు మాట! నువ్వు లే, నేను నొక్కుతాను అన్నాను. సెగ ఎరగని పురుగును కొత్తగా మొదలుపెట్టి ఇచ్చింది.

సాయంత్రం 4

నొక్కాను. ముడుచుకుంది. నవ్వాను. మళ్లీ నొక్కాను.

ఏడోసారి వెలుగు రాగానే, సెగ ఇంకా తగలకుండానే ముడుచుకుంది.

మిషన్ సూది నా వేలిలో దిగిన ఏడాది, పక్క షాపులో పెడల్ చప్పుడైనా చాలు, ఈ వేలు ఇలాగే లోపలికి ముడుచుకుపోయేది. ఎవరికీ చెప్పుకోలేదు.

ఎనిమిదోసారి నొక్కలేదు. ఒళ్లు మండిపోతోంది. ఎవరి మీదో తెలీదు.

జూన్ 20

థీసిస్ ఇవ్వలేదు. సెగ తీసేసి, పురుగు తిండి వెతుక్కునే లెక్క మళ్లీ మొదటినుంచి చేస్తుందట. ఇంకో ఏడాది! ప్రొఫెసర్ మొండిఘటం అన్నాడట. ఎవరి కూతురనుకున్నాడు! పట్టా ఏది బాబాయ్ అని సెలూన్ అతను నవ్వాడు. నా బిడ్డ చేసిన పని నీకు చెబితే అర్థమవుతుందట్రా అని, సగం గడ్డంతోనే లేచి వచ్చేశాను.

జూన్ 21

గుండీలు కుట్టని చొక్కా మడిచి పెట్టాను. అమ్మాయి బయటికి వెళ్తూ కంప్యూటర్ ఆపబోయింది. ఉండవే, తింటోందిగా, తిననీ అన్నాను.