వాకిట్లో ఉప్పు

హాలిఫాక్స్, కెనడా

అమ్మా, మేం బాగానే ఉన్నాం అనుకో. ఫోన్లో చెబితే నా గొంతు విని ఏడుస్తావని కార్డు రాస్తున్నాను.

మీ అల్లుడి మణికట్టు విరిగింది. కట్టు కట్టారు, నయమవుతుందన్నారు. మంచునేమీ అనకు, చేసింది నేనే. శుక్రవారం కదా అని, మన ఊరు బంటింగులో ఇంటి ముందులాగే పొద్దున్నే వాకిట్లో నీళ్ళు చల్లాను. చల్లినవి చల్లినట్టే గడ్డకట్టాయి. ఆయన డ్యూటీకని అడుగు బయట పెట్టి జారిపడ్డారు. "వాకిట్లో అద్దం పరిసినావేటి, కస్తూరీ" అన్నారు పడ్డచోటి నుంచే. తిట్టినా బాగుండేది.

పక్కింటి ముసలావిడ ఉప్పు బస్తా తెచ్చి ఇచ్చింది. కాలు జారకుండా ఇక్కడ వాకిట్లో చల్లేది అదేనట. ఉప్పు తొక్కితే పాపమని చిన్నప్పుడు నువ్వు వేసిన దెబ్బలు గుర్తొచ్చి, మొదట్లో చెయ్యి రాలేదు. ఇప్పుడు రోజూ చీకటితోనే లేచి, మంచు తోడి, ఉప్పు చల్లుతున్నాను. దాన్నే తొక్కుకుంటూ నేను పనికీ, పిల్ల బడికీ పోతున్నాం. నడుము లాగేస్తోంది.

గేటు తాళం బాగుచేయించావా? తమ్ముణ్ణి క్లాంగు రోడ్డు మీద బండి మెల్లగా నడపమను. ఎవరైనా ఇటు వస్తుంటే కుంకుమ, ఎండబెట్టిన కరివేపాకు పంపు. కొబ్బరినూనె వద్దు, సీసాలోనే రాయైపోతోంది.

మోహనప్రియ అమ్మమ్మకి దండాలు చెప్పమంది. శుక్రవారం నువ్వు నీళ్ళు చల్లేటప్పుడు, మా వాకిలి పేరున ఇంకో చెంబు చల్లు.

నీ కస్తూరి