గొంగడి అంచున పడుకునేవాడికి

మల్లన్నా,

ఇవాళ మళ్లీ గెలిచాం. అందుకే ఈ ఉత్తరం.

అడవిలో ఆ చలికాలం పొగ కనబడితే నైజాం పోలీసులు వస్తారని మంట వేయలేదు. దళంలో తొమ్మిది మందిమి, మూడు గొంగళ్లు. గొంగడి అంచున వంతులవారీగా పడుకోవాలని నియమం పెట్టిన నాయకుడివి నువ్వే, దాన్ని తప్పిందీ నువ్వే. "నాకు సలి పెట్టదురా, లోపలికి జరుగు" అనేవాడివి. జ్వరం నిన్నొక్కణ్నే తీసుకుపోయింది. మోదుగులు పూసేసరికి ఊళ్ల నుంచి జొన్నలొచ్చాయి, గొంగళ్లొచ్చాయి, మనుషులొచ్చారు. నలభై మందిమై అడవి దిగాం. దొర గడీ తలుపులు విరిచి లోపలికి నడిచాం.

అది జరిగి పాతికేళ్లు దాటింది. ఇప్పుడు ఒమన్‌లో, సమాయిల్ దగ్గర రోడ్డు పని చేస్తున్నాను. ఈ చలిలో డేరాలో పన్నెండు మందికి నాలుగు దుప్పట్లే. మనోళ్లు ఇంటికి పోతామన్నారు. నీ నియమం చెప్పి, మొదట నేనే అంచున పడుకున్నాను. వారం నిలిచారు. ఈ పొద్దున అందరం సైట్ ఆఫీసు ముందు వరుసకట్టి, "దుప్పట్లు ఇస్తెనే డ్యూటీ" అన్నాం. మధ్యాహ్నానికి దుప్పట్ల లారీ వచ్చింది!

తలా ఒకటి పంచాక ఒక దుప్పటి మిగిలింది. "ఇదెవరిది కాకా?" అన్నారు.

"అంచున పండేటోనిది" అన్నాను.